కోనకు పోయేవారికి తిరుగు వేళే రక్ష

మైదుకూరు : నాలుగు రోడ్ల కూడలి నుంచి బద్వేలు దారి పట్టి ఊరు దాటితే చాలు, ఎదురుగా నల్లమల గోడ కట్టినట్టు కనిపిస్తుంది. చూసేవారికి అదేమంత దూరమనిపించదు. సద్దిమూట తీసుకుని పొద్దున్నే పోతే మధ్యాహ్నం అన్నాల వేళకు ఇల్లు చేరవచ్చుననిపిస్తుంది. కొండ చేసే మొదటి మోసం అదే. ఆ కొండ వెనుక మరో కొండ, రెంటి నడుమ వంక, వంక దాటగానే మళ్లీ ఎక్కుడు. ఇవేవీ ఊళ్లో నిలబడినవాడి కంటికి ఆనవు.

పర్వతారోహణ అనగానే హిమాలయాలు, మంచు, తాళ్లు, గొడ్డళ్లు అని చదువుకున్నవారు అనుకుంటారు. మన ప్రాంతంలో కొండలెక్కేవారు వేరు. శివరాత్రికి నిత్యపూజకోనకు బయలుదేరే ముసలమ్మ, లంకమలేశ్వరానికి మొక్కుబడి ఉన్న రైతు, అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కితీరాలని పట్టుబట్టిన కాలేజీ కుర్రాడు, మేకలు తోలుకుపోయే కాపరి. వీరికి తాడు లేదు, బూట్లు లేవు, వెంట డాక్టరు లేడు. దేవుడి మీద భారం వేసి నడుస్తారు. దేవుడి మీద భారం వేయడంలో తప్పు లేదు గానీ, నీళ్ల సీసా, బ్యాటరీ లైటు మోసే భారం మాత్రం మనిషి మీదే ఉంది.

కొండ మీద ప్రమాదమంటే చిరుతపులో, ఎలుగుబంటో అని చాలామంది భయపడతారు. వాటి గురించి తెలుసుకోవలసిందే. అయితే దాహం, కాలు జారడం, దారి తప్పడం, పాము కరవడం, వంక పొంగడం వంటి ఆపదలను వరుసగా తీసి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం వేళ మీరి నడిచినవారికే ఎదురవుతాయి. పొద్దెక్కి బయలుదేరినవాడు ఎండకు చిక్కుతాడు. ఎండకు చిక్కి ఆలస్యమైనవాడు చీకటికి చిక్కుతాడు. చీకట్లో తక్కినవన్నీ కాచుకుని ఉంటాయి.

చీకటి పడితే అడవి వేరు

రెండు సంఘటనలు చూడండి. 2025లో శివరాత్రికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 24 రాత్రి, తలకోనకు అడవి దారిన కాలినడకన పోతున్న భక్తుల మీద ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిన తల్లిదండ్రులతో తిరుమల కొండ ఎక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అదీ చీకటి పడ్డాకే. వేలమంది నడిచే మెట్ల దారి కూడా రాత్రయితే అడవి దారే అవుతుందని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. దేవస్థానం వారు ఆ తర్వాత నడిచివచ్చే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. పిల్లలతో వచ్చేవారిని మధ్యాహ్నం 2 గంటలు దాటాక నడక దారిలోకి రానీయకుండా ఆంక్ష పెట్టారు.

ఈ 2 గంటల లెక్క కొండలెక్కేవారికి కొత్తదేమీ కాదు. ఎవరెస్టు మీద 1996 మే 10, 11 తేదీల్లో తుఫానులో చిక్కి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఆరితేరినవారు కూడా ఉన్నారు. శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం 2 గంటలకల్లా వెనుదిరగాలన్న సంగతి వారికి తెలుసు. శిఖరం కళ్లెదుటే కనిపిస్తుంటే కాళ్లు వెనక్కి మళ్లలేదు. 2 గంటలు దాటాక కూడా పైకి పోయినవారికి దిగేవేళకు తుఫాను, చీకటి కలిసి ఎదురయ్యాయి. నిత్యపూజకోన ఎవరెస్టు కాకపోవచ్చు, కానీ "ఇంకొంచెమేగా, పోయి దండం పెట్టుకుని వద్దాం" అనే మాట రెండు చోట్లా ఒకటే.

అందుకే ఊరు కదలకముందే తిరుగు వేళ నిర్ణయించుకోవాలి. తెల్లవారి ఆరు గంటలకు కొండ కింద నడక మొదలుపెట్టినవారు పన్నెండింటికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. సగం పగలు ఎక్కడానికి, సగం పగలు దిగడానికి అని సరిగా పంచుకుంటే చాలదు. దిగేటప్పుడు మనిషి అలసి ఉంటాడు, గుంపులో ఎవరో ఒకరికి కాలు బెణుకుతుంది, దారిలో ఒక గంట ఎక్కడో పోతుంది. శివరాత్రి రోజుల్లో మన ప్రాంతంలో పొద్దు ఆరుంపావు దాటాక గూకుతుంది. కానీ లోతైన కోనలో అంతసేపు వెలుతురుండదు. పడమటి గట్టు అడ్డు వచ్చి గంట ముందే మసక పడుతుంది. నాలుగు గంటలకల్లా అడవి బయట ఉండాలని పెట్టుకుంటేనే ఆరింటికైనా బయటపడతాం.

జాగారానికి కోనలోనే ఉండిపోయేవారు తెల్లవారిందాకా అక్కడే ఉండాలి. జనం ఉన్నచోట, దీపాలున్నచోట పడుకోవాలి. జనం తగ్గాక పోదామని అర్ధరాత్రి బయలుదేరడం కంటే చెడ్డ ఆలోచన మరొకటి లేదు.

ఉపవాసం, జాగారం, ఎండ

మన కొండల ప్రయాణాలలో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పండుగనాడు ఉపవాసం ఉంటారు. కొందరు మంచినీళ్లు కూడా ముట్టరు. ముందురోజు రాత్రి లారీలోనో, ట్రాక్టరులోనో ప్రయాణించి నిద్ర ఉండదు. ఆ ఒంటితో బండలెక్కుతారు. ఫిబ్రవరి చివరికే కడప సీమలో పగటి ఎండ 35 డిగ్రీలు దాటడం పరిపాటి. ఈ కొండల రాయి కాకకు తొందరగా వేడెక్కుతుంది, ఆ సెగ కింది నుంచి కొడుతుంది. చెట్లు ఆకు రాల్చే కాలం గనుక నీడా తక్కువే.

ఎండలో ఎక్కుడు ఎక్కే మనిషి గంటకు లీటరు దాకా నీటిని చెమట రూపంలో పోగొట్టుకోవచ్చు. ఇంటి దగ్గర నింపుకున్న ఒక్క సీసా కొండ మొదట్లోనే అయిపోతుందంటే ఆశ్చర్యమేముంది? మనిషికి నాలుగు లీటర్లు తక్కువ కాకుండా ఉండాలి. బరువనుకుంటే ఇద్దరికి ఒక క్యాను పెట్టుకుని వంతులవారీగా మోయాలి. దాహమయ్యేదాకా ఆగి గటగటా తాగడం కంటే, పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగుతూ పోవడం మేలు. దొనలలో, చెలమలలో నీళ్లు దొరుకుతాయి కదా అనుకుంటే, శివరాత్రి నాటికి వాటిలో చాలా భాగం ఎండిపోయి ఉంటాయి. ఉన్నవాటిలో జంతువులు కూడా తాగుతాయి. కాచి తాగడానికి వీలుంటే తప్ప ఆ నీళ్లు ముఖం కడుక్కోవడానికే.

ఉత్త నీళ్లే తాగినా చాలదు, చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, కొలత మించకుండా సమంగా వేసి కలిపితే సరిపోతుంది. మందుల షాపులో దొరికే పొట్లాలు ఇంకా మంచివి. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగినా మేలే. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఉన్నవారు కొండ కిందనే ఉండి మొక్కుకోవడం మంచిది. అది కుదరకపోతే కనీసం నీళ్లు, మజ్జిగ పుచ్చుకునే ఉపవాసం చేయాలి. చక్కెర జబ్బుకు మాత్రలు గానీ సూది మందు గానీ వాడేవారు తిండి మాని ఎక్కరాదు. ఒళ్లంతా చల్లని చెమట పట్టి, చేతులు వణికి, మనిషి పొంతన లేకుండా మాట్లాడితే నోట్లో బెల్లమో, చక్కెరో వెంటనే వేయాలి. అందుకే చక్కెర రోగి జేబులో బెల్లం ముక్క తప్పనిసరి. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడిగి బయలుదేరాలి. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, ఆయాసం ఉంటే "ఇంకో నాలుగడుగులు" అనకుండా అక్కడే కూర్చోబెట్టి, దుప్పటితో డోలీ కట్టి మోసుకుని దిగాలి. నడిపించరాదు.

వడదెబ్బను గుర్తుపట్టడంలో చాలామంది పొరబడతారు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అంటారు. నడిచే మనిషికి చెమట పడుతుండగానే అది తగలవచ్చు. మాట తడబడినా, నడక తూలినా, మనిషిని గుర్తుపట్టకపోయినా ఆలస్యం చేయరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ తల మీద, మెడ మీద, చంకల్లో పోసి కండువాలతో విసరాలి. ఆసుపత్రికి చేరేలోపు ఒళ్లు చల్లబరచడమే ప్రాణం నిలుపుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్లు పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అభిమానంతో చేసే ఈ పని వల్లనే కొన్నిసార్లు కీడు జరుగుతుంది.

సారాయి, బీరు సీసాలు మూటలో పెట్టుకుని కోనకు పోయే కుర్రకారు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మద్యం ఒంట్లో నీటిని లాగేస్తుంది, కాలి పట్టు తప్పిస్తుంది. తలకోన వంటి చోట్ల జలపాతం మడుగుల్లో దూకి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. మడుగులో నీటి అడుగున బండ ఎక్కడుందో పైనుంచి చూసేవాడికి తెలియదు.

దిగేటప్పుడే జారేది

అహోబిలం పోయినవారికి భవనాశిని వంక వెంబడి జ్వాలా నరసింహస్వామి గుడికి నడక అలవాటే. అక్కడి నుంచి ఉగ్రస్తంభానికి ఎక్కడం వేరే సంగతి. అక్కడ కాళ్లకంటే చేతులకే పని ఎక్కువ. ఎక్కేటప్పుడు కళ్లు రాయి మీదే ఉంటాయి, చేతికి పట్టు దొరుకుతుంది. దిగేటప్పుడు కళ్లు లోయ మీదికి పోతాయి, మోకాళ్లు వణుకుతాయి, పని అయిపోయిందన్న తొందర వస్తుంది. నిటారు చోట్ల కొండకు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాతిని పట్టి ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. ఒకరి నెత్తిన ఒకరు దిగరాదు. పైవాడి కాలు తగిలి దొర్లిన రాయి కిందివాడికి గుండు దెబ్బే.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లకు తొలి పాఠాలు భువనగిరి కోట బండ మీదే జరిగాయి. అటువంటి శిక్షణలో ఎక్కడంతోపాటు తాడు పట్టి దిగడం కూడా నేర్పుతారు. మనవాళ్లలో ఎక్కడం వచ్చినవారు ఊరికి పదిమంది ఉంటారు, దిగడం వచ్చినవారిని మాత్రం వెతుక్కోవాలి.

మన కొండల రాయి పలకలు పలకలుగా విరుగుతుంది. పలక మీద అడుగు వేసేముందు చేతికర్రతో తట్టి చూస్తే అది కదిలేదీ లేనిదీ తెలుస్తుంది. నునుపు తేలిన రబ్బరు చెప్పులు, పాచి పట్టిన బండ కలిస్తే ఎముక విరగక తప్పదు. అరికట్టు గరుకుగా ఉండి, మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. మొక్కు ఉన్నవారు చెప్పులు విడిచి ఎక్కినా, వాటిని కింద వదలకుండా మూటలో పెట్టుకుంటే దిగేటప్పుడు పనికివస్తాయి. ఇక బండ అంచున నిలబడి సెల్‌ఫోనులో తమ బొమ్మ తామే తీసుకునేవారికి ఒకే మాట : ముందు కూర్చోండి, తర్వాత తీసుకోండి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు

ఈ విషయంలో పాత పాఠాన్ని మరచిపోవలసి ఉంది. పాము కరిచిన చోటికి పైన తాడు బిగించి కట్టాలని, కత్తితో గాటు పెట్టి రక్తం పిండాలని ఒకప్పుడు బడి పుస్తకాలలో కూడా చెప్పేవారు. ఇప్పుడు డాక్టర్లు అది కూడదంటున్నారు. బిగించిన కట్టు వల్ల కాలు కుళ్లవచ్చు. కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోవచ్చు. రక్తపింజర కరిస్తే అసలే రక్తం గడ్డ కట్టదు, అటువంటప్పుడు గాటు పెడితే నెత్తురు ఆగేది ఎలా?

చేయవలసింది తక్కువే. కరిచిన మనిషిని కదలనీయకూడదు. కాలికి గానీ చేతికి గానీ కరిస్తే, విరిగిన ఎముకకు కట్టినట్టు పక్కన కర్ర పెట్టి వదులుగా గుడ్డ చుట్టాలి. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. మోసుకుని దిగి, మంత్రాల దగ్గర గంటలు పోగొట్టక తిన్నగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటికీ ఒకే సూది మందు పనిచేస్తుంది గనుక పామును చంపి తేవలసిన పని లేదు. చంపబోయి రెండోవాడు కూడా కాటు తిన్న సందర్భాలు పల్లెల్లో అందరికీ తెలిసినవే. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. వారిలో అత్యధికులు పల్లెజనమే.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారి కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అది పాముకాటే కావచ్చునని అనుమానించాలి. కోనలో జాగారం చేసేవారు పొదలకు, రాళ్ల కుప్పలకు దూరంగా పడుకోవాలి. బండ సందులో చూడకుండా చేయి పెట్టరాదు.

తేనెతుట్టెల గురించి కూడా ఇక్కడే ఒక మాట. కొండ చరియలకు వేలాడే పెద్ద తుట్టెల కింద పొయ్యి వెలిగించడం, రాయి విసరడం చేయరాదు. ఈగలు లేచాయంటే ముఖానికి గుడ్డ కప్పుకుని పరుగు తీయాలి. చేతులతో కొడితే మరిన్ని వస్తాయి, నలిగిన ఈగ వాసనకు తక్కినవి రేగుతాయి.

వంకను, మబ్బును నమ్మరాదు

ఎండిన వంక కోనకు పోయే రాచబాట లాంటిది. వంక ఇసుకలో నడక సులువు, నీడ ఉంటుంది, వంట చేసుకోవడానికి అనువు. అయితే వంకలో నీళ్లు రావడానికి మన నెత్తిన వాన పడనక్కరలేదు. పైన పది మైళ్ల దూరంలో కురిసినా చాలు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ప్రాంతాల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. కొండల మీద కురిసిన నీరు ఎంత వేగంగా దిగుతుందో ఆనాడు జిల్లా అంతా చూసింది. చిన్న వంకకూ స్వభావం అదే. సన్నటి నీరు ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినిపించినా మూటలు వదిలి పక్క గట్టు ఎక్కాలి. వంకలో గుడారం వేయడం, పిల్లలను నిద్రపుచ్చడం ఎన్నడూ పనికిరాదు. మోకాలి మించిన పారుడు నీటిని దాటబోయే బదులు రెండు, మూడు గంటలు ఆగితే వంక తానే తగ్గుతుంది.

వేసవి సాయంత్రాల్లో పిడుగు భయం ఉంది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తుల నిర్వహణ అధికారులు లెక్క చెప్పారు. మెరుపు కనిపించాక అంకెలు లెక్కపెట్టాలి. ముప్పై లోపే ఉరుము వినిపిస్తే పిడుగు మన దాపులోకి వచ్చినట్టే. కొండ కొమ్ము, ఒంటి చెట్టు, బండ శిఖరం వదిలి పల్లానికి దిగాలి. గొడుగు, ఇనుప కడ్డీ పట్టుకోరాదు. గుంపుగా అతుక్కుని నిలబడక విడివిడిగా గొంతు కూర్చోవాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి నడవాలి.

జంతువుల విషయంలో కాపరులు పాటించే పద్ధతి పనికివస్తుంది. వారు మాట్లాడుకుంటూ, కర్ర తట్టుకుంటూ పోతారు. ఎలుగుబంటి దగ్గరికి వెళ్లేదాకా మనిషిని గమనించక, ఉలిక్కిపడి మీద పడుతుంది. చప్పుడు వింటే తానే తప్పుకుంటుంది. చిరుత కనిపిస్తే పరుగెత్తరాదు, వంగరాదు. పిల్లలను ఎత్తుకుని, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. ఏనుగుల దగ్గర మాత్రం ఈ ధైర్యాలు పనిచేయవు. తాజా లద్దె, విరిగిన కొమ్మలు కనిపించగానే ప్రయాణం మానుకుని వచ్చిన దారినే తిరగాలి.

దారి తప్పితే

నల్లమల ఎంత దట్టమైనదో 2009లో దేశమంతా తెలుసుకుంది. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు కనిపించకుండా పోతే, సైన్యం, విమానాలు కలిసి వెతికినా పావురాలగుట్ట మీద ఆచూకీ దొరికింది మరునాటి ఉదయమే. ఒక రాష్ట్ర ప్రభుత్వం మొత్తం వెతికితేనే ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. ఒంటరిగా దారి తప్పిన మనిషి కోసం ఎవరు, ఎక్కడని వెతకాలి?

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు నెలకొల్పిన ఘనుడు. అంతటివాడు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. ఏప్రిల్‌లో మృతదేహం దొరికింది. జతకాడు లేని ప్రయాణంలో ఎంత అనుభవజ్ఞుడికైనా కాలు మడతపడితే చెప్పేవాడుండడు.

గుంపులో పోయేవారు అందరికన్నా మెల్లగా నడిచేవారిని ముందు పెట్టుకోవాలి. గట్టివారిద్దరు చివరన రావాలి. దారి చీలిన ప్రతిచోటా లెక్క చూసుకోవాలి. దారి తప్పామని తెలిసిన క్షణంలో ఆగిపోవాలి. పశువుల బాటలు పది రకాలుగా పోతాయి, ఏదో ఒకటి ఊరికి పోతుందిలే అనుకుంటే మరింత లోపలికి తీసుకుపోతుంది. వంక పట్టుకుని దిగితే బయటపడతామనే మాట మన కొండల్లో అన్నిచోట్లా చెల్లదు. నిలువు గుండాల దగ్గర వంక ఆగిపోతుంది, కిందికి దిగలేరు, పైకి ఎక్కలేరు. చీకటి పడబోతుంటే ఉన్నచోటే గాలి తగలని బండ చాటున కూర్చుని, ఈలను మూడేసిసార్లు ఆగి ఆగి ఊదాలి. రెండు రూపాయల ఈల శబ్దం గొంతు కంటే దూరం పోతుంది, గొంతులాగా బొంగురుపోదు. సెల్‌ఫోనుకు కోనలో సిగ్నలు ఉండదు గనుక దాన్ని ఆపి ఉంచి, గట్టు ఎక్కినప్పుడే తెరిచి 112కు గానీ 108కు గానీ ప్రయత్నించాలి. ఎండాకాలంలో ఆనవాలు కోసమని మంట వేస్తే అడవి అంటుకుని మంట వేసినవాడినే చుట్టుముడుతుంది. బ్యాటరీ లైటు చాలు.

అడవి లోపలికి పోయేముందు అటవీ శాఖవారి అనుమతి ఉన్న దారేదో, లేనిదేదో అడిగి తెలుసుకోవాలి. ఎర్రచందనం దొంగల కోసం గాలించే అడవి ఇది. అనుమతి లేకుండా రాత్రివేళ తిరిగేవారిని భక్తులని ఎవరూ అనుకోరు.

బయలుదేరేముందు ఇంట్లో నాలుగు సంగతులు చెప్పాలి : ఏ కోనకు, ఏ దారిన, ఎవరెవరు, ఎన్నింటికి తిరిగి రావడం. కాగితం మీద రాసి గోడకు అంటిస్తే ఇంకా మంచిది. చెప్పిన వేళ దాటి రెండు గంటలైనా మనిషి జాడ లేకపోతే తెల్లవారనీలే అని ఊరుకోక, ఆ కాగితం పట్టుకుని పోలీసు స్టేషనుకు గానీ అటవీ శాఖ కార్యాలయానికి గానీ పోవాలి.